అయిదు నిమిషాల పని

ఆఫీసులో ఎవరైనా పని చెబితే కాదనలేకపోవడం మెత్తదనం వల్ల వచ్చిన తిప్పలు అంటారమ్మా అందరూ. మనసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇందులో ఒక లెక్క ఉంది, అది తెలిస్తే నీకు సగం బెరుకు పోతుంది.

కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ఆగ్నర్ ఎర్లాంగ్ అని ఓ గణితవేత్త పనిచేసేవాడు. అప్పట్లో ఎక్స్ఛేంజీలో ఆపరేటరు తీగ కలిపితేనే ఫోన్లో మాట. ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు ఉంటే సరిపోతుందో ఆయన లెక్కగట్టాడు. 1909లో ఆయన అచ్చువేసిన వ్యాసంతోనే క్యూల శాస్త్రం మొదలైందంటారు.

ఆ శాస్త్రం చెప్పేది విను. నువ్వొక్కదానివే కౌంటర్లో కూర్చున్నావనుకో. మనిషికి సగటున 10 నిమిషాల పని. కానీ జనం గడియారం చూసుకుని రారు కదా! ఒకసారి ముగ్గురు కలిసి వస్తారు, ఒకసారి పురుగు కూడా ఉండదు. ఒకరి పని రెండు నిమిషాల్లో తెమిలితే ఇంకొకరిది అరగంట పడుతుంది. నీ సమయంలో సగమే పనితో నిండితే, వచ్చినవాళ్లు సగటున 10 నిమిషాలు నిలబడాలి. 80 శాతం నిండితే 40 నిమిషాలు. 90 శాతమైతే గంటన్నర. 95 శాతానికి 3 గంటల 10 నిమిషాలు! చివర్లో పెరిగిన పని చూస్తే పిసరంత, ఎదురుచూపు మాత్రం రెట్టింపు దాటింది. ఎందుకంటే ఎవరూ రాక ఊరికే పోయిన నిమిషాన్ని దాచిపెట్టి రద్దీ వేళ తీసి వాడుకోలేం. ఆలస్యం మాత్రం ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతుంది.

"ఇదొక్కటీ చూసిపెట్టమ్మా, అయిదు నిమిషాల పని" అంటారే, ఆ అయిదు నిమిషాలు తీరిగ్గా ఉన్నవాళ్లకు నిజంగా అయిదే. నిండా పనుల్లో ఉన్నవాళ్ల దగ్గర అది వెనకున్న ప్రతి పనినీ జరుపుతుంది. కాబట్టి మునిగిపోయేదాకా ఆగకు. కాస్త ఊపిరాడుతుండగానే కాదను.

అడిగినవాళ్లు ఏమనుకుంటారో అని నీ భయం. 2008లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక చిత్రం గమనించారు. ముక్కూమొహం తెలియనివాళ్లను సాయం అడగమని కొందరిని పంపారు. అయిదుగురు ఒప్పుకోవాలంటే ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే ఊహించమన్నారు. వాళ్లు ఊహించినదాంట్లో సుమారు సగం మందిని అడిగేసరికే పని జరిగిపోయింది. ఎదుటివాళ్లకు మొహమ్మీద కాదనడం ఎంత కష్టమో అడిగేవాళ్లకు తట్టదట. నీ మొహమాటం వాళ్లకు కనబడదమ్మా. నువ్వు నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది.

ఆడపిల్లవు గనుక ఇంకొకటి కూడా చెప్పాలి. మీటింగు నోట్సు రాయడం, వీడ్కోలు పార్టీకి డబ్బులు వసూలు చేయడం లాంటి పేరురాని పనులు ఎవరి నెత్తిన పడతాయో లిండా బాబ్‌కాక్, లీసె వెస్టర్‌లుండ్ బృందం పరీక్షించి 2017లో ప్రచురించింది. ఆడా మగా కలిసున్న గుంపుల్లో ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు. అదే గుంపులో అందరూ మగవాళ్లే ఉన్నప్పుడు వాళ్లూ చక్కగా ముందుకొచ్చారు. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన గుణమని ఎవరన్నా నమ్మకు. ఆ పనులు వంతులవారీగా చేద్దామని అడుగు, అందులో తప్పేమీ లేదు.

పైవాళ్లతో అయితే ఇలా అను: "సార్, శుక్రవారానికి ఈ రెండూ ఇవ్వాలి. ఇది కూడా తీసుకుంటే వాటిలో దేన్ని వచ్చే వారానికి జరపమంటారు?" నీ దగ్గరున్న క్యూ అప్పుడు ఆయన కళ్లకు కడుతుంది. మూడూ కావాల్సిందే అంటే, ఏది ముందో ఆయన చేతే మెయిల్లో రాయించుకో. తోటివాళ్లు అడిగితే "ఈ వారం కుదరదు, బుధవారం తర్వాతైతే చూస్తాను" చాలు. సాకులు వెతకొద్దు. ఒక సాకు చెబితే దాన్ని తీర్చే ఉపాయంతో వాళ్లు మళ్లీ వస్తారు.

వారంలో ఒక పూట క్యాలెండర్లో ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టుకో. అనుకోని పని ఎలాగూ వస్తుంది, దాన్ని అందులో సర్దుకోవచ్చు.