గంజి కోసమా... దేవుడి కోసమా?

కరువు పనులు అయిపోయాయి. పంచడానికి తన దగ్గర ఇక పైసా లేదని దొర చెప్పేశాడు. అయినా వేలమంది అక్కణ్నుంచి కదల్లేదు. ఎందుకు?

1878 జులై 3. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డు. ఎటు చూసినా జనమే. ఇద్దరు బోధకులు నీళ్లలో నిలబడి ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు వస్తుంటే నీళ్లలో ముంచి లేపుతున్నారు. చేతులు నొప్పిపుడితే ఆ ఇద్దరూ గట్టెక్కుతారు, మరో ఇద్దరు దిగుతారు. అలా ఆరుగురు తెలుగు బోధకులు వంతులేసుకున్నారు. పొద్దున్నే మొదలుపెట్టి, ఎండ ముదిరాక ఆపి, మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రానికి లెక్క తేలింది... 2,222 మంది!

ఒక్కరోజులో ఇన్ని బాప్తిస్మాలా! అమెరికాలోని బాప్టిస్టు సంఘాలు ఆశ్చర్యపోయాయి. ఇది రెండో పెంతెకొస్తు అని సంబరపడ్డవాళ్లున్నారు. పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా మాదిగలు. అంతకుముందు రెండేళ్లూ ఆకలితో మాడినవాళ్లు. కూటి కోసం కోటి విద్యలన్నారు, ఇదీ అందులో ఒకటేనేమో! అలాంటివాళ్లకు ఇంగ్లిషులో ఓ పేరు కూడా ఉంది- 'రైస్ క్రిస్టియన్లు'. అంటే బియ్యం కోసం మతం మారినవాళ్లని ఎత్తిపొడుపు.

చిత్రమేమిటంటే ఆ అనుమానంతో అందరికన్నా ఎక్కువగా సతమతమైంది బాప్తిస్మాలు ఇప్పించిన మిషనరీయే.

ధాత కరువులో...

ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికావాసి. మిషనరీ కాకముందు మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వేయరు. 1866లో ఒంగోలు చేరాడు. అప్పట్లో అది నెల్లూరు జిల్లాలో ఓ చిన్న ఊరు. మరుసటి ఏడాది జనవరి 1న అక్కడ సంఘం పెడితే అందులో ఉన్నది ఎనిమిదిమంది.

1876లో వానలు మొహం చాటేశాయి. మరుసటి ఏడాదీ అంతే. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినపడే 'ధాత కరువు' అదే. దక్షిణాదిన లక్షలమంది ప్రాణాలు పోయాయి. సర్కారు కరువు పనులైతే పెట్టింది గానీ కూలి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1877లో కొన్నాళ్లు, పొద్దస్తమానం మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను తిండిగింజలు, ఓ అణా. పౌనంటే అరకిలో కూడా కాదు.

మద్రాసు నుంచి కృష్ణా డెల్టా కాలువలదాకా బకింగ్‌హామ్ కాలువను కలిపే పని అప్పుడే జోరందుకుంది. అందులో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కొలతలు ఆయనకు కొట్టినపిండి. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. మిగతా చోట్ల మాదిగ కూలీలంటే తిట్లు, ఈసడింపులు, కూలిలో కోతలు. ఇక్కడ చేసిన పనికి లెక్కప్రకారం డబ్బు, మనిషిని మనిషిగా చూసే మేస్త్రీ. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వేలల్లో తరలివచ్చారు. కాస్త నడుం వాల్చే వేళ బోధకులు వాళ్ల పక్కనే కూర్చుని ఏసు కథ చెప్పేవారు.

మాకూ బాప్తిస్మం ఇవ్వమని చాలామంది అడిగారు. క్లౌ కుదరదన్నాడు. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు... పదిహేను నెలలు అదే మాట. కూలి డబ్బులు పంచే చేత్తోనే బాప్తిస్మం ఇస్తే, వచ్చింది దేనికోసమో వాళ్లకే తెలియకుండా పోతుందని ఆయన భయం. సంఖ్య చూపిస్తే విరాళాలు కురుస్తాయని తెలిసి కూడా నెలల తరబడి సున్నా చూపించడం ఏ మిషనరీకీ తేలిక కాదు.

గోడెక్కిన దొర

1878 నడిమికి కరువు సాయం ఆగిపోయింది. వెల్లంపల్లిలో కలుద్దామని క్లౌ బోధకులకు కబురు పెట్టాడు. అప్పటికే సంఘంలో ఉన్నవాళ్లనే తీసుకురండి, కొత్తవాళ్లు వద్దు- అని మరీ చెప్పాడు. ఎవరు వింటారు! వద్దన్నవాళ్లే వేలల్లో వచ్చి దిగారు.

క్లౌ ఓ గోడ మీదికెక్కి, ఇక సాయం చేయడానికి తన దగ్గరేమీ లేదు, తిరిగి వెళ్లిపొమ్మన్నాడు. వాళ్లు వెళ్లలేదు. కాయలు కాసిన చేతులు చూపించారట. కష్టపడ్డాం, ఇకముందూ కష్టపడతాం, సాయం కోసం రాలేదు. ఈసారీ పంట పోతే చావే గతి, ఆ చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్నారట. ఇక ఆయన కాదనలేకపోయాడు. ఆ ఏడాది ముగిసేసరికి బాప్తిస్మాల సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

'అట' అని ఎందుకనాల్సి వస్తోందంటే, ఇదంతా క్లౌ చెప్పిన కథ. 1910లో ఆయన పోయాక, నాలుగేళ్లకు ఆయన జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి. రాసిపెట్టింది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. గోడ కింద నిలబడ్డవాళ్ల మాటలు కూడా ఆ గోడ మీది మనిషి ద్వారానే మనకు చేరాయి. కాకపోతే అదే ఎమ్మా 1899లోనే మాదిగల జీవితం మీద మరో పుస్తకం రాసింది. అది చదివితే 'గంజి కోసమే' అన్న వాదన కాస్త తడబడుతుంది.

అందులో కనిపించే యెర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే గురువుల దగ్గర రాజయోగం నేర్చుకున్న సాధకుడు. బాప్తిస్మం తీసుకుంది 1866లో... అంటే కరువుకు పదేళ్ల ముందు! గుడి గడప తొక్కనివ్వకపోయినా ఆ పల్లెల్లో గురువులున్నారు, ఉపదేశాలున్నాయి, దేవుడి గురించి తెల్లవార్లూ సాగే మాటలున్నాయి. పేరయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి చెప్పిన మాటే కరువునాటికి వేళ్లూనుకుంది. ఆకలి ఒక్కటే వాళ్లను ఏటి ఒడ్డుకు నడిపించిందనడం ఎంత తేలికో, ఆకలికి ఏ సంబంధమూ లేదనడం అంతే తేలిక. పస్తుల్లో తనను మనిషిగా చూసినవాడి దేవుణ్ని నమ్మడాన్ని స్వార్థమందామా, విశ్వాసమందామా?

పైగా మారినందుకు దక్కిందేమిటి? క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ చచ్చిన గొడ్డును తీయడం, జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధి అని ఊరు తీర్మానించిన రోజులవి. కళ్లాల దగ్గర గింజలు కొలిచేది ఆ చాకిరీకే. డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా! దెబ్బలు పడ్డాయి, నోటికాడి గింజలూ పోయాయి. గంజి కోసమే వచ్చినవాడు అక్కడ ఎన్నాళ్లు నిలుస్తాడు?

తిరగబడ్డ తక్కెడ

స్వాతంత్య్రం వచ్చాక లెక్క పూర్తిగా తిరగబడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. తెలుగునాట ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు బీసీ-సీ, వాటా 1 శాతం. దాంతో చర్చిలో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు ఉన్న ఇళ్లు తయారయ్యాయి. ఒకప్పుడు లాభం కోసం క్రైస్తవులయ్యారన్న నింద, ఇప్పుడు లాభం కోసం క్రైస్తవులం కాదంటున్నారన్న నింద!

2024 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఇలాంటి కేసే. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ చిన్ననాడే బాప్తిస్మం పొందింది, చర్చికీ వెళ్తోంది. ఉద్యోగానికి మాత్రం హిందువుగా ఎస్సీ ధ్రువపత్రం కోరింది. నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారానంటే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనంటూ కోర్టు కాదంది. చట్టం ప్రకారం తీర్పు స్పష్టంగానే ఉంది. కానీ చర్చిలో మోకరిల్లినంత మాత్రాన ఊళ్లో కులం వదిలిందా అన్నది వేరే ప్రశ్న. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వవచ్చా అన్నది తేల్చమని 2022లో కేంద్రం ఓ కమిషన్‌ను వేసింది అందుకే.

క్లౌ కనీసం పదిహేను నెలలు ఆగి చూశాడు. ఎమ్మార్వో ఆఫీసు దరఖాస్తులో మతం అని ఉన్నచోట నింపడానికి ఒకే ఒక గడి ఉంటుంది.