మిర్రర్‌లెస్ కెమెరా ఎంపిక

మిర్రర్‌లెస్ కెమెరా అనగా కటకానికీ సెన్సారుకూ మధ్య అద్దం లేని, కటకాలను మార్చుకొనే వీలు గల డిజిటల్ కెమెరా. ఎస్సెల్లార్ కెమెరాలో ఉండే అద్దాన్ని, దాని పైన అమర్చే పెంటాప్రిజమును తొలగించుట వలన ఇది పలుచగాను, తేలికగాను ఉంటుంది. అందుచేత ప్రయాణాలు చేస్తూ ఛాయాచిత్రాలు తీసేవారిలో దీనికి ఆదరణ హెచ్చు. చదువు పూర్తయిన సందర్భంలోనో, పదవీ విరమణ సమయంలోనో కుటుంబ సభ్యులు దీనిని కానుకగా ఇవ్వడమూ ఉంది. అయితే ఇది ఒంటరి వస్తువు కాదు. కెమెరా, కటకాలు, బ్యాటరీ, మెమొరీ కార్డు కలిసి ఒక వ్యవస్థ. పుచ్చుకొనే వ్యక్తి వద్ద ఇదివరకే ఉన్న సామగ్రికి పొసగని కెమెరా ఎంత ఖరీదైనదైనా బీరువాకే పరిమితమవుతుంది. కనుక కెమెరా గుణగణాల కంటే ముందుగా దానిని మోసే మనిషి అవసరాలను తెలుసుకోవాలి.

చరిత్ర

గాజు పలకల కాలం

తొలినాటి కెమెరాలలో అద్దం లేదు. ఛాయాగ్రాహకుడు నల్లని గుడ్డ కప్పుకొని, కెమెరా వెనుక ఉన్న గరుకు గాజుపై తలక్రిందులుగా పడే ప్రతిబింబాన్ని చూసి దృశ్యాన్ని సరిచేసుకొనేవాడు. తరువాత ఆ స్థానంలో రసాయనం పూసిన గాజు పలకను అమర్చి చిత్రం తీసేవాడు.

ఈ పద్ధతిలో దేశమంతటా తిరిగి చిత్రాలు తీసినవారిలో రాజా దీన్ దయాళ్ (1844 - 1905) ప్రముఖుడు. ఈయన మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోరు సంస్థానపు ప్రజా పనుల శాఖలో చేరాడు. 1870వ దశకంలో ఛాయాగ్రహణం చేపట్టాడు. 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించి అక్కడి ప్రాచీన కట్టడాల చిత్రాలు తీశాడు. 1880వ దశకంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ఆయన నుండి "ముసవ్విర్ జంగ్" బిరుదు పొందాడు. 1892లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియోను కూడా ఏర్పరచాడు. ఈయన గాజు నెగటివులలో 2,857 పలకలు 1989 నుండి ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. 2006లో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఆ కాలపు కెమెరాలు పెద్దవిగా ఉండటానికి కారణం ఉంది. నెగటివును కాగితానికి ఆనించి ఎండలో ముద్రించేవారు. కావున చిత్రం ఎంత పెద్దది కావాలంటే పలక అంత పెద్దది కావాలి. 8×10 అంగుళాల పలక వైశాల్యం సుమారు 516 చదరపు సెంటీమీటర్లు. మందం 2 మి.మీ. అనుకొంటే ఒక్కొక్క పలక బరువు పావు కిలో పైమాటే. రెండు డజన్ల చిత్రాలకు గాజే 6 కిలోలు. దీనికి కెమెరా పెట్టె, ముక్కాలి పీట, రసాయనాల సీసాలు అదనం. తడి పలకల పద్ధతిలో పలక ఆరిపోకముందే దానిని కడగాలి కనుక చీకటి గుడారం కూడా వెంట ఉండాలి. 1880వ దశకంలో పొడి పలకలు వ్యాప్తిలోకి వచ్చి ఈ శ్రమను కొంత తగ్గించాయి. అంటే నాడు ప్రయాణంలో ఎన్ని చిత్రాలు తీయగలరో నిర్ణయించినది మోసుకుపోయే బరువే. నేడు వేల చిత్రాలు పట్టే కార్డు రెండు మూడు గ్రాములు మాత్రమే. అయినా నాడు సామగ్రిని మోయుటకు మనుషులు, బండ్లు ఉండగా, నేటి యాత్రికుడు తన సంచిని తానే మోసుకోవాలి. కాబట్టి బరువు ప్రశ్న తీరిపోలేదు.

అద్దం రాక, పోక

కటకం చూపుతున్న దృశ్యాన్నే చిత్రం తీసే క్షణం వరకు చూడగలగడం కోసం అద్దం వచ్చింది. 1861లో ఇంగ్లండుకు చెందిన థామస్ సట్టన్ ఇటువంటి కెమెరాకు పేటెంటు పొందాడు. 45 డిగ్రీల కోణంలో ఉన్న అద్దం వెలుగును పైకి పంపుతుంది. షట్టరు నొక్కగానే అద్దం పైకి లేచి వెలుగును ఫిల్ముపైకి వదలుతుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ ఈ తరగతిలో ప్రసిద్ధి చెందినది.

ఫిల్ము చిత్రాన్ని గ్రహించగలదే గాని చూపలేదు. డిజిటల్ సెన్సారు రెండూ చేయగలదు. సెన్సారుపై పడిన దృశ్యాన్ని నేరుగా తెరపై చూపవచ్చు కనుక అద్దం అవసరం తప్పింది. 2008లో ఒలింపస్, పానాసోనిక్ సంస్థలు మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతిని ప్రకటించగా, అదే సంవత్సరం పానాసోనిక్ లూమిక్స్ జి1 వెలువడింది. 2010లో సోనీ నెక్స్ శ్రేణి, 2012లో ఫూజీఫిల్మ్ ఎక్స్-ప్రో1, 2013లో ఫుల్ ఫ్రేమ్ సెన్సారు గల సోనీ ఆల్ఫా 7 వచ్చాయి. 2018లో నికాన్ జెడ్, కెనాన్ ఈఓఎస్ ఆర్ శ్రేణులు ప్రారంభమయ్యాయి.

ఎంపికలో ముఖ్యాంశాలు

మౌంటు

కెమెరాకు కటకాన్ని బిగించే భాగాన్ని మౌంటు అంటారు. ఒక మౌంటుకు చేసిన కటకం వేరొక మౌంటు గల కెమెరాకు నేరుగా అమరదు. ఒకే సంస్థలోనూ పాత, కొత్త మౌంట్లు వేరు. నికాన్ ఎఫ్ మౌంటులో కటకపు అంచు నుండి ఫిల్ము వరకు దూరం 46.5 మి.మీ.; జెడ్ మౌంటులో అది 16 మి.మీ. మాత్రమే. కెనాన్ ఈఎఫ్ మౌంటులో 44 మి.మీ., ఆర్ఎఫ్ మౌంటులో 20 మి.మీ. మిగిలిన ఖాళీలో ఎడాప్టరు అమర్చి పాత కటకాలను కొత్త కెమెరాపై వాడవచ్చు. కొత్త కటకాలను పాత కెమెరాపై ఇలా వాడటం కుదరదు.

ఎడాప్టరుతో అన్నీ పూర్వంలా పనిచేస్తాయని భావించరాదు. ఉదాహరణకు నికాన్ ఎఫ్‌టీజెడ్ ఎడాప్టరుపై, లోపల మోటారు లేని పాత కటకాలు స్వయంగా ఫోకస్ కావు, చేతితో తిప్పుకోవాలి. వాడుతున్నవారి వద్ద రెండు మూడు మంచి కటకాలుంటే అదే వ్యవస్థలోని కెమెరాను కొనడం సాధారణంగా మేలు.

సెన్సారు

ఫుల్ ఫ్రేమ్ సెన్సారు కొలత 36×24 మి.మీ. ఏపీఎస్-సి సెన్సారు సుమారు 23.5×15.6 మి.మీ. (కెనాన్‌లో కొద్దిగా చిన్నది). మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13 మి.మీ. వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్ రెండవదానికి సుమారు 2.4 రెట్లు, మూడవదానికి 3.8 రెట్లు. పెద్ద సెన్సారు ఎక్కువ వెలుగును గ్రహించుట వలన చీకటి తావులలో చిత్రం శుభ్రంగా వస్తుంది. కాని దానికి తగిన కటకాలు కూడా పెద్దవిగా, బరువుగా, ఖరీదుగా ఉంటాయి. కెమెరా చిన్నదైనంత మాత్రాన సంచి తేలిక కాదని గుర్తించాలి.

చిన్న సెన్సారుకు ఒక లాభం ఉంది. 300 మి.మీ. కటకం మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాపై ఫుల్ ఫ్రేమ్‌లోని 600 మి.మీ. కటకమంత దగ్గరగా దృశ్యాన్ని చూపుతుంది. పక్షుల చిత్రాలు తీసేవారికి ఇది అనుకూలం.

స్థిరీకరణ

అనేక నమూనాలలో చేతి వణుకును సరిచేయుటకు సెన్సారే కదిలే ఏర్పాటు ఉంటుంది. ముక్కాలి పీట వాడలేని చోట ఇది ఎంతో ఉపయోగం. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలలో పీట వాడుటకు ముందుగా అనుమతి పొందాలి. అయితే స్థిరీకరణ చేతి వణుకును మాత్రమే ఆపుతుంది. ఎదుట కదులుతున్న మనిషిని ఆపలేదు.

షట్టరు

శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టరు పూజలు, సభల వంటి సందర్భాలలో బాగుంటుంది. కాని చాలా కెమెరాలలో సెన్సారు వరుస తరువాత వరుసగా చదవబడుతుంది కనుక, కదిలే రైలు కిటికీ నుండి తీసిన చిత్రాలలో దగ్గరి స్తంభాలు ఏటవాలుగా కనిపిస్తాయి. అటువంటప్పుడు యాంత్రిక షట్టరు వాడాలి. కొన్ని నమూనాలలో యాంత్రిక షట్టరు ఉండదు గనుక కొనేముందు చూడాలి.

బ్యాటరీ

తెర ఎల్లప్పుడూ వెలుగుతూ ఉండుట వలన ఎస్సెల్లార్ కంటే మిర్రర్‌లెస్‌లో బ్యాటరీ త్వరగా తరుగుతుంది. అదనపు బ్యాటరీ అవసరమే. యూఎస్‌బీ-సి ద్వారా చార్జి చేసుకొనే వీలుంటే రైలు ప్రయాణంలో పవర్ బ్యాంకు సరిపోతుంది. విమానంలో విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచాలి. 100 వాట్-గంటల లోపు వాటికి సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కరలేదు. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. ఉదాహరణకు 7.2 వోల్టులు, 2280 మిల్లీ ఆంపియర్-గంటలు గల బ్యాటరీ సామర్థ్యం 7.2 × 2.28 = 16.4 వాట్-గంటలు.

దుమ్ము, తేమ

అద్దం అడ్డు లేనందున కటకం మార్చేటప్పుడు సెన్సారుపై దుమ్ము పడే అవకాశం ఎక్కువ. కెమెరా ముఖాన్ని క్రిందికి వంచి, కటకాన్ని త్వరగా మార్చాలి. తుంపర, దుమ్ము తట్టుకొనే కెమెరా అని చెప్పినవి కూడా నీటిలో మునుగుటకు తగినవి కావు. వానాకాలంలో కటకాల లోపల బూజు పెరుగుతుంది. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి. చల్లని ఏసీ పెట్టె నుండి విశాఖపట్నం వంటి తేమ గల ఊరిలో దిగినపుడు కటకంపై నీటి ఆవిరి పేరుకొంటుంది. కొంతసేపు సంచిలోనే ఉంచి తరువాత బయటకు తీయాలి.

ఒక ఉదాహరణ

సికింద్రాబాదు నుండి 200 కి.మీ.కు పైగా దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప దేవాలయం ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని 1213లో నిర్మింపజేశాడు. 2021లో ఇది ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. కాజీపేట వరకు రైలులో, ఆపై బస్సులో ఇక్కడికి వెళ్ళే యాత్రికుని దృష్టితో చూస్తే పై విషయాలు స్పష్టమవుతాయి.

మండపంలో స్తంభాల మధ్య వెనుకకు జరగడానికి చోటు తక్కువ. వెడల్పు కోణపు కటకం కావాలి. లోపల వెలుగు తక్కువ. స్థిరీకరణ గాని, ఎఫ్/2.8 లేదా అంతకంటే పెద్ద ద్వారం గల కటకం గాని ఉండాలి. వెలుపల చూరు క్రింద ఎత్తున ఉన్న మదనికల శిల్పాలకు దూరపు కటకం కావాలి. ఇదే ప్రయాణంలో పాకాల చెరువుకు వెళ్ళి పక్షులను తీయదలిస్తే ఇంకా దూరపు కటకం అవసరం. ఇవన్నీ ఒక్క రోజులో భుజాన మోయాలి. శిల్పాలు మాత్రమే ఇష్టమైన వ్యక్తికి ఏపీఎస్-సి కెమెరా, ఒక వెడల్పు కోణపు జూమ్, ఒక చిన్న దూరపు కటకం సరిపోతాయి. పక్షులు ఇష్టమైన వ్యక్తికి ఇదే కానుక కొరత మిగులుస్తుంది.

కానుక ఇచ్చేవారు తెలుసుకోవలసినవి

పుచ్చుకొనే వ్యక్తిని నేరుగా అడగడమే ఉత్తమం. ఆశ్చర్యపరచాలనే కోరిక కంటే, కానుక వాడుకలోకి రావడం ముఖ్యం. అడగడానికి వీలు లేకపోతే ఈ క్రింది వివరాలు సేకరించాలి.

* ప్రస్తుతం వాడుతున్న కెమెరా, కటకాల పేర్లు. కటకపు అంచుపై ఇవి రాసి ఉంటాయి.
* ఎక్కువగా తీసే చిత్రాలు: కట్టడాలు, మనుషులు, పక్షులు, వీడియో.
* ప్రయాణ సాధనం: కారు, రైలు, ద్విచక్ర వాహనం లేదా నడక.
* మోయగల బరువు. పెద్ద వయసువారికి, మెడనొప్పి గలవారికి ఇదే మొదటి ప్రశ్న.
* కెమెరాను పట్టుకొన్నపుడు చేతికి అమరిక. చిన్న కెమెరా పెద్ద చేతులకు ఇబ్బంది.

అనుకొన్న సొమ్మునంతా కెమెరాకే వెచ్చించరాదు. కటకం, అదనపు బ్యాటరీ, కార్డు, వాన తొడుగు గల సంచి కూడా లెక్కలోకి వస్తాయి. పరిమిత ఆదాయం గల కుటుంబంలో పెద్ద కెమెరా, సాధారణ కటకం కంటే మధ్యస్థమైన కెమెరా, మంచి కటకం ఎక్కువ కాలం ఉపయోగపడతాయి. ఉన్న కెమెరా బాగానే పనిచేస్తూ ఉంటే, దానికి అమరే కటకమే సరైన కానుక కావచ్చు. చిత్రాలను ఫోనులో చూసుకొని పంపుకోవడంతో తృప్తి పడేవారికి అసలు మిర్రర్‌లెస్ కెమెరా అవసరం లేకపోవచ్చు.

కొనుగోలు

హైదరాబాదులో కోఠి బ్యాంకు వీధి పరిసరాలలో కెమెరా దుకాణాలున్నాయి. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు సామగ్రికి పేరుపొందినది. కార్డులు, హార్డు డిస్కులు అక్కడ లభిస్తాయి. దుకాణంలో కెమెరాను చేతబట్టి చూసే వీలు ఉండటం ముఖ్యమైన లాభం.

బిల్లుపై ఉన్న క్రమసంఖ్య, పెట్టెపై ఉన్న సంఖ్య, కెమెరాపై ఉన్న సంఖ్య ఒకటేనా అని సరిచూడాలి. పెట్టె తెరిచిన తరువాత మార్పిడికి వీలుందా అని ముందే అడగాలి. విదేశాలలో ఉన్న బంధువులు కొని పంపే కెమెరాకు భారతదేశంలో వారంటీ వర్తిస్తుందో లేదో తెలుసుకోవాలి. వారంటీ కార్డును, బిల్లును కానుకతో పాటు అందజేయాలి. ఖరీదైన కెమెరాతో విదేశాలకు వెళ్ళేవారు, తిరిగి వచ్చేటప్పుడు సుంకం సమస్య రాకుండా, బయలుదేరే ముందు విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారుల నుండి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు.

పాత కెమెరా కొనేటప్పుడు సెన్సారుపై మచ్చలు, కటకంలో బూజు, మౌంటు వదులు, షట్టరు ఎన్నిసార్లు పనిచేసినదీ పరీక్షించాలి. తెల్ల కాగితాన్ని చిన్న ద్వారంతో చిత్రం తీస్తే సెన్సారుపై ఉన్న దుమ్ము మచ్చలు బయటపడతాయి.

ఇవి కూడా చూడండి

* రాజా దీన్ దయాళ్
* ఛాయాగ్రహణం
* కటకం
* రామప్ప దేవాలయం