పంజరాలలో పెంచే పండుగప్పకు మొప్పల పరాన్నజీవుల బెడద

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖపట్నం తీరంలో ప్రయోగాత్మకంగా సముద్ర పంజరాన్ని ఏర్పాటు చేసి పండుగప్పను పెంచింది. ఈ విధమైన సాగులో శ్రద్ధ వహించవలసిన సమస్యలలో మొప్పల పరాన్నజీవులు ముఖ్యమైనవి. సహజ జలాలలోని చేపలపైన కూడా ఇవి సాధారణంగా ఉంటాయి. సంఖ్య స్వల్పమైనంతవరకు హాని అంతగా కనిపించదు. చేపలు కిక్కిరిసి ఉండే పంజరంలో ఈ సమతూకం తప్పుతుంది.

ముఖ్య పరాన్నజీవులు

మొప్పలు శ్వాసక్రియతోపాటు లవణాల సమతుల్యతను, అమ్మోనియా విసర్జనను నిర్వహిస్తాయి. పలుచని పొర కింద రక్తం ప్రవహించడం వలన అవి పరాన్నజీవులకు అనువైన స్థావరాలు. మోనోజీనియా వర్గానికి చెందిన డిప్లెక్టానమ్ లేటిసై అనే బల్లపరుపు పురుగు శరీరపు వెనుక చివరనున్న కొక్కేలతో మొప్ప తంతువులను పట్టుకొని, శ్లేష్మాన్ని, పైపొర కణాలను తింటుంది. లెర్నాంత్రోపస్ లేటిస్ అనే కోపిపాడ్ గోళ్ల వంటి ఉపాంగాలతో అతుక్కొని రక్తాన్ని ఆహారంగా తీసుకొంటుంది.

వ్యాప్తి

మోనోజీనియన్ల జీవితచక్రానికి మధ్యంతర ఆతిథేయి అవసరం లేదు. వీటి గుడ్లకుండే సన్నని తంతువులు వలకు, వలపై పెరిగిన నాచుకు చిక్కుకొంటాయి. గుడ్ల నుండి వెలువడిన శైలికాయుత లార్వాలకు చేపలు సమీపంలోనే లభిస్తాయి. వెచ్చని నీటిలో ఈ చక్రం త్వరగా పూర్తవుతుంది.

గుర్తింపు

వ్యాధి సోకిన చేపలు మేత తగ్గిస్తాయి. నీటి ఉపరితలానికి చేరి వేగంగా శ్వాసిస్తాయి. మొప్పలు పాలిపోయి, శ్లేష్మంతో నిండి ఉంటాయి. ఆక్సిజన్ కొరత ఏర్పడినప్పుడు కూడా చేపలు పైకి చేరుతాయి కనుక, బాహ్య లక్షణాలను బట్టి మందు వాడరాదు. బ్రతికి ఉన్న చేప లేక అప్పుడే చనిపోయిన చేప మొప్ప తంతువులను సూక్ష్మదర్శినితో పరీక్షించి నిర్ధారించాలి.

యాజమాన్యం

ఒక్కసారి ఔషధ స్నానం చేయించి ఊరకుండడం వలన వ్యాధి మరల తలయెత్తుతుంది. స్నానం పురుగులను తొలగించినా, గట్టి పెంకు గల గుడ్లు నశించవు. గుడ్లు పొదిగిన తరువాత, కొత్త పురుగులు గుడ్లు పెట్టేలోగా రెండవ స్నానం చేయించాలి. పండుగప్ప మంచినీటిని తట్టుకొనగలదు కనుక మంచినీటి స్నానం అనుకూలమే. అయితే శ్లేష్మపు చాటునున్న పురుగులు కొన్ని మిగిలిపోవచ్చును. ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. మొప్పలు దెబ్బతిన్న చేపలకు ఇది ప్రాణాంతకం కాగలదు కనుక, నిపుణుల పర్యవేక్షణలో, నీటికి ధారాళంగా గాలి అందిస్తూ మాత్రమే వాడాలి.

చికిత్సతోపాటే వలను మార్చి, పాత వలను శుభ్రపరచి ఎండబెట్టాలి. గుడ్లున్న వలలోకే చేపలను తిరిగి వదిలితే చికిత్స వ్యర్థమవుతుంది. పిల్లలను పంజరాలలోకి వదలడానికి ముందే మొప్పలను పరీక్షించడం, సాంద్రతను మితంగా ఉంచడం రైతుకు తక్కువ ఖర్చుతో కూడిన రక్షణ.