గట్టు మీద జారితేనే చెయ్యి ఎందుకు విరిగింది?

మిరప కోతల రోజుల్లో ఒక ఊరి పేటలో కూలిరేట్ల సంగతి మాట్లాడటానికి కూర్చున్నాం. అరవై దాటిన ఒక పెద్దమ్మ కుడిచేతికి కట్టుతో వచ్చింది. గట్టు మీద కాలు జారి, అరచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు విరిగింది. అంతకు ముందు ఏడాది బిందె ఎత్తుతుంటే నడుం కలుక్కుమని నెల రోజులు మంచంలో ఉందట. "వయసు నాయనా. నాగలికర్రే అరుగుతది, మనిషెంత?" అన్నది. పక్కవాళ్లంతా తలలూపారు.

మేమూ ఇన్నాళ్లూ తలలూపినవాళ్లమే. కూలి, భూమి, రేషన్, ఇళ్ల స్థలాలు సంఘం పని, నడుంనొప్పి ఆడవాళ్ల ఇంటి సంగతి అనుకున్నాం. అలా అనుకోవడం మా తప్పు. చెయ్యి విరిగిన కూలిమనిషికి ఆ సీజను కూలి మొత్తం పోతుంది. తుంటి విరిగితే ఆమె కూలితోబాటు మంచం పక్కన కూర్చునే కోడలి కూలి కూడా పోతుంది. ఇది కూలి సమస్య కాక మరేమిటి?

నిలబడ్డ మనిషి జారి పడినంత మాత్రాన గట్టి ఎముక మామూలుగా విరగదు. విరిగిందంటే లోపల గుల్లబారిందేమోనని అనుమానించాలి. చెదపట్టిన వాసం చూడండి. పైకి నిక్షేపంగా ఉంటుంది, బరువు పడ్డ రోజున గాని తెలియదు. ఎముక ప్రాణమున్న వస్తువు. పాతది కరుగుతూ, కొత్తది పేరుకుంటూ ఉంటుంది. ముప్పై ఏళ్ల దాకా పేరుకునేది ఎక్కువ. ముట్లు ఆగాక స్త్రీ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోతుంది, అప్పటినుంచి కరగడం వేగమవుతుంది.

ఇక్కడ ఒక తికమక ఉన్నది. మన ఆడవాళ్లు "ఎముకలు అరిగినయ్, మోకాళ్లలో గుజ్జు పోయింది" అంటారు. అది కీళ్ల అరుగుదల, అది నొప్పి పెడుతుంది. గుల్లబారడం వేరు. విరిగేదాకా దానికి నొప్పే ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. దాని గుర్తులు వేరేగా ఉంటాయి. మనిషి ఎత్తు తగ్గుతుంది. వీపు గూనుబారుతుంది. ఒకామె, "వెనకటి మాదిరే కట్టినా చీర నేలకు ఈడుస్తోంది, ఇంకాస్త ఎత్తి దోపాల్సి వస్తోంది" అన్నది. నవ్వారు గాని, అది నవ్వాల్సిన మాట కాదు. వెన్నుపూసలు నలిగి కుంగినప్పుడు అలాగే అవుతుంది.

"జీవితమంతా ఎండలో పనిచేసినోళ్లం, మా ఎముకలకేం?" అనే మాట ప్రతి ఊళ్లోనూ విన్నాం. అందులో సగం నిజం ఉన్నది. పని ఎముకకు మంచిదే, ఎండ విటమిన్ డి ఇస్తుంది. కాని తిండి లేని పని ఎముకను కాపాడలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పేద కుటుంబాల స్త్రీల ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల తిండిలో రోజుకు దొరికిన కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. 2020లో అదే సంస్థ చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000, ముట్లు ఆగిన స్త్రీకి 1200 కావాలి. అంటే నాలుగోవంతు దగ్గరే ఆగిపోయారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రకటించిన అధ్యయనంలో, పొలాల్లో ఎండకు పనిచేసే పల్లె జనంలో సైతం విటమిన్ డి లోపం కనబడింది. తిండిలో కాల్షియం చాలనప్పుడు ఒంట్లో ఉన్న విటమిన్ డి కూడా తొందరగా ఖర్చయిపోతుంది. ఎండ ఒక్కటే ఎంత అని కాస్తుంది?

మరి కాల్షియం ఎక్కడ పోయింది? 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. వాటినే కొందరు చోళ్లంటారు, కొందరు తైదలంటారు. నువ్వుల్లో అంతకంటే చాలా ఎక్కువ. ఒకప్పటి కూలి ఇళ్లలో అంబలి, సంకటి, జొన్నరొట్టె ఉండేవి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక పొయ్యిలు ఆరకుండా నిలబడ్డాయి. దాన్ని మేము తక్కువ చేసి మాట్లాడం, రేషన్ బియ్యం కోసం మనమే పోరాడాం. కాని కంచంలో తెల్లన్నం, పచ్చిమిరప కారం తప్ప మరేమీ మిగలకపోవడం కూడా నిజమే. ఇంట్లో గేదె ఉన్నా పాలు పొద్దున్నే కేంద్రానికి పోతాయి. మిగిలిన చుక్క మగవాళ్ల టీకి, పిల్లలకు. పాడి చూసే ఆడమనిషికి దక్కేది మజ్జిగనీళ్లు.

గర్భసంచి సంగతి చెప్పకపోతే ఈ విషయం సగంలోనే ఆగిపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే "తీసేస్తే పీడా పోతుంది" అన్నారని చెప్పే ఆడవాళ్లు మాకు చాలామంది తగిలారు. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారా అంటే సగం మందికి తెలియదు. కాగితం వాళ్ల చేతికి రాలేదు. అండాశయాలు పోతే యాభై ఏళ్లకు రావాల్సిన మార్పు ముప్పై అయిదుకే వచ్చి పడుతుంది, ఎముకలు అప్పటినుంచే కరగడం మొదలుపెడతాయి. దీన్ని వయసు ఖాతాలో రాయడానికి వీల్లేదు.

ఇంకొకటి నొప్పి సూది. నాట్లప్పుడు ఊరి డాక్టరు దగ్గర సూది పొడిపించుకుంటే పొద్దునకల్లా పనిలోకి దిగొచ్చు. అందులో స్టెరాయిడ్ ఉంటే, పదేపదే వాడితే అదే ఎముకను తింటుంది. ఏ మందు పొడుస్తున్నావని అడిగే హక్కు మనకుంది. పేరు చీటీ మీద రాయించుకోవాలి.

పెద్దవాళ్ల నమ్మకాలను వెక్కిరించడం కార్యకర్తల పని కాదు. నల్లేరు పచ్చడి తింటే ఎముక అతుక్కుంటుందంటారు. తినండి, తప్పులేదు. దాన్ని నమ్ముకుని ఆస్పత్రి మానేస్తేనే తప్పు. పుత్తూరు కట్టు కట్టించుకుని మళ్లీ పనికెళ్లామని చెప్పేవాళ్లున్నారు. కాని తుంటి విరిగితే కట్టుతో పోదు, సాధారణంగా ఆపరేషనే కావాలి. ఆలస్యమైతే ముసలి మనిషి మంచంలోనే పుండ్లు పడి, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పోతుంది. కాల్షియం బిళ్లలు వేడి చేస్తాయని పారేసేవాళ్లకు మాత్రం గట్టిగానే చెప్పాం. మలబద్ధకం చేయొచ్చు, నీళ్లు బాగా తాగాలి. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగి వేసుకోవాలి. అంతే గాని చెత్తకుప్పలో వేయకూడదు.

ప్రభుత్వం గర్భిణికి కాల్షియం బిళ్లలు ఇస్తుంది, కాన్పయిన ఆరునెలల దాకా ఇస్తుంది. బిడ్డను మోసినంతకాలమే ఆమె ఎముకలు లెక్కలోకి వస్తాయి కాబోలు! ముప్పై దాటినవాళ్లకు ఊళ్లలో బీపీ, షుగరు, మూడు రకాల కాన్సర్ల పరీక్షలు పెట్టారు. మంచిదే. ముట్లు ఎప్పుడాగాయి, ఎముకేమైనా విరిగిందా అని కూడా అక్కడే అడగమంటున్నాం. అనుమానమున్నవాళ్లను పెద్దాస్పత్రి స్కానుకు పంపాలి. విరిగినవాళ్లకు, డాక్టరు అవసరమన్నవాళ్లకు ఎముక గట్టిపడే మందులు ఉచితంగా ఇవ్వాలి. రేషన్లో బియ్యంతోపాటు రాగులు కూడా ఇవ్వాలి, బియ్యం కోసి కాదు.

చివర్లో ఆ పెద్దమ్మ, "నా సంగతి అయిపోయింది గాని, మనవరాలికి పద్నాలుగేళ్లు, దానికేం పెట్టమంటారు?" అని అడిగింది. ఎముక పేరుకునే వయసు అదే గనుక, ఇంటి పాలల్లో ఒక గ్లాసు ఆ పిల్లకు ఆపమన్నాం. "కేంద్రం బాకీ ఎవరు తీరుస్తారు?" అన్నది కోడలు. గేదెను కొన్న అప్పు పాలల్లోంచే కోసుకుంటారట. దానికి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

వచ్చే అమావాస్యకు పని ఉండదు. అదే పేటలో మళ్లీ కూర్చుంటున్నాం. కూలిరేటు తర్వాత రెండో అంశం ఇదే. ఉపకేంద్రం నర్సమ్మను రమ్మన్నాం, ఎత్తు కొలిచే కర్ర తెమ్మన్నాం. గర్భసంచి ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఎక్కడున్నా వెతికి తెమ్మని ఆడవాళ్లకు చెప్పాం.