46 లక్షల చదరపు కిలోమీటర్ల కాపలా: కోస్ట్ గార్డ్‌లో ఎవరు చేరవచ్చు?

ఒడ్డుకు బాగా దూరంగా పోయాక సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందదు. అక్కడ ఇంజిను చెడినా, పడవలోకి నీళ్లొచ్చినా మత్స్యకారులను ఆదుకునేది ఇస్రో తయారుచేసిన 'డ్యాట్' పరికరం. మీట నొక్కితే ఆ పడవ ఎవరిదో, ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డ్‌కు తెలుస్తుంది. కొత్త తరం డ్యాట్‌లో 'సంకేతం అందింది' అన్న జవాబు కూడా పడవకు వస్తుంది. వేటకెళ్లినవారి జాడ తెలియకపోతే ఒడ్డునున్న ఇంటివాళ్లు 1554కు ఫోన్ చేయవచ్చు.

పరిధి ఎంత?

తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు మన ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల దాకా, అంటే 370 కిలోమీటర్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి. దాని వైశాల్యం 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆపదలో ఉన్నవారిని వెతికి కాపాడాల్సిన ప్రాంతం ఇంకా పెద్దది: 46 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశ భూభాగానికి అది దాదాపు 1.4 రెట్లు.

1977లో 7 నౌకలతో మొదలైన ఈ దళానికి 1978లో చట్టం వచ్చింది. ఇప్పుడు 150కి పైగా నౌకలున్నాయి. నౌకాదళంలాగే ఇదీ రక్షణ శాఖ కిందిదే. కానీ దీని రోజువారీ పని యుద్ధం కాదు. స్మగ్లర్లను, దొంగచాటుగా చేపలు పట్టే విదేశీ పడవలను ఆపి సోదా చేస్తుంది, పట్టుబడినవారిని పోలీసులకు అప్పగిస్తుంది. సముద్రంలో చమురు ఒలికితే శుభ్రం చేయించే బాధ్యతా దీనిదే. 2008 ముంబయి దాడుల తర్వాత తీర భద్రత బరువు మరింత పెరిగింది.

ఎవరు అర్హులు?

- నావిక్ (జనరల్ డ్యూటీ): గణితం, భౌతికశాస్త్రాలతో ఇంటర్. వయసు 18–22.
- నావిక్ (డొమెస్టిక్ బ్రాంచ్): పదో తరగతి. వయసు 18–22.
- యాంత్రిక్: పదితోపాటు ఎలక్ట్రికల్, మెకానికల్ లేదా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. వయసు 18–22.
- అసిస్టెంట్ కమాండెంట్: డిగ్రీ. వయసు 21–25.

ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్లు, ఓబీసీలకు 3 ఏళ్లు సడలింపు ఉంటుంది. నావిక్ మూల వేతనం రూ.21,700, అసిస్టెంట్ కమాండెంట్‌ది రూ.56,100. భత్యాలు అదనం. మహిళలు అధికారులుగా చేరవచ్చు.

నావిక్‌కు రాతపరీక్ష నెగ్గాక 7 నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు పరుగెత్తాలి, 20 గుంజీళ్లు, 10 పుషప్‌లు తీయాలి. ఎంపికైనవారి తొలి శిక్షణ ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో.

మన మత్స్యకార గ్రామాల పిల్లలకు అలల భయం లేదు. వారికి కావాల్సింది సరైన సమయంలో సరైన సమాచారం. పది పాసైన పిల్లాడు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే నావిక్ జనరల్ డ్యూటీకీ, డిగ్రీ తర్వాత అధికారి పోస్టుకూ దారి తెరిచే ఉంటుంది. ఈ మాట టీచర్లూ తల్లిదండ్రులూ పదో తరగతిలోనే చెప్పాలి.