పాత డెస్క్‌టాప్‌లో ఇంకా విండోస్ 10 ఉందా? షాపుకు తీసుకెళ్లే ముందు ఇవి చూసుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఆన్ చేస్తే ఎప్పటిలాగే ఆన్ అయ్యింది, అందుకే చాలా ఇళ్లల్లో, చిన్న షాపుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆగిపోయింది సెక్యూరిటీ అప్‌డేట్లు. అంటే సిస్టంలో కొత్తగా ఏదైనా లొసుగు బయటపడితే దాన్ని పూడ్చేవాళ్లు ఉండరు.

అప్‌డేట్ వేయకపోతే ఏమవుతుందో 2017 మేలో అందరూ చూశారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విచిత్రం ఏంటంటే, ఆ లొసుగును మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఇంటి డెస్క్‌టాప్‌లో ఏముంది పోవడానికి అనుకోవద్దు. పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఆధార్, పాస్‌పోర్టు కాపీలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల వీసా కాగితాలు, పెళ్లి ఫొటోలు సాధారణంగా అందులోనే ఉంటాయి. బ్యాంకు పాస్‌వర్డు బ్రౌజర్‌లో సేవ్ అయి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

విండోస్ 11 వేసేద్దాం అంటే అన్ని సిస్టంలూ ఒప్పుకోవు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ చాలంటారు కానీ అసలు చిక్కు ప్రాసెసర్ దగ్గర వస్తుంది. ఇంటెల్ అయితే కొన్ని మినహాయింపులు తప్ప 8వ జనరేషన్ నుంచే ఒప్పుకుంటుంది. ఏ జనరేషనో తెలుసుకోవడం తేలికే. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ5-7400 అని ఉంటే గీత తర్వాతి 7 చూడండి, అది ఏడో జనరేషన్. ఐ5-8400 ఎనిమిదోది, పనికొస్తుంది. ఐ3-10100 అని ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి పదో జనరేషన్. పెంటియం, సెలెరాన్‌లకు ఈ లెక్క కుదరదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం వేసుకుంటే అదే చెప్పేస్తుంది.

ఇక్కడ ఒక మాట. హెల్త్ చెక్ కుదరదు అన్నంత మాత్రాన మదర్‌బోర్డు మార్చేయాలని కాదు. ప్రాసెసర్ సరిపోయినా "టీపీఎం 2.0 లేదు" అని వస్తుంటే, చాలాసార్లు అది బోర్డులోనే ఉండి ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి వెళ్తే ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. సిస్టం ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ "లెగసీ" అని ఉంటే ముందు డిస్క్‌ను జీపీటీ పద్ధతిలోకి మార్చాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. అది చేయకుండా బయోస్‌లో నేరుగా యూఈఎఫ్ఐకి మారిస్తే విండోస్ తెరుచుకోదు. ఈ పని తెలిసినవాళ్లతో చేయించడమే మంచిది.

ఆరు, ఏడు జనరేషన్ల సిస్టం ఉన్నవాళ్లు ఏం చేయాలి? చెక్‌ను దాటేసి విండోస్ 11 ఎక్కించే దొడ్డిదారులు ఉన్నాయి, చాలా షాపుల్లో అదే చేసి ఇస్తారు. నడుస్తుంది కూడా. కానీ అలాంటి సిస్టంలకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా ఈ తంటా అంతా! దానికన్నా విండోస్ 10లోనే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరడం నయం. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు ఉంటుంది. సెట్టింగ్స్‌ను ఆ అకౌంట్‌కు బ్యాకప్ అయ్యేలా పెడితే ఉచితం, లేదంటే 30 డాలర్లు. ఇది 2026 అక్టోబర్ 13 వరకు మాత్రమే. అది సెలవు కాదు, గడువు.

ఇంట్లో నెట్, యూట్యూబ్, పిల్లల ప్రాజెక్టులు, ఒక ఉత్తరం టైపు చేయడం, ఇంతే పని అయితే లైనక్స్ మింట్ చూడొచ్చు. ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, నచ్చాకే ఇన్‌స్టాల్ చేయొచ్చు. యూనికోడ్ తెలుగు, ఉర్దూ రెండూ అందులో బాగానే టైప్ అవుతాయి.

డీటీపీ షాపు పెట్టుకుని నికాహ్ కార్డులు, పోస్టర్లు చేసేవాళ్లకు ఈ సలహా పనికిరాదు. ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను స్క్రిప్ట్, లెక్కలకు ట్యాలీ, ఈ మూడూ విండోస్‌ను నమ్ముకున్నవే. విండోస్ 11కి వెళ్లాలన్నా వీళ్లు ముందుగా చూడాల్సింది ప్రాసెసర్ కాదు, సాఫ్ట్‌వేర్. డాంగిల్ గుచ్చి నడిపే పాత వెర్షన్ ఉంటే దాని డ్రైవర్ కొత్త విండోస్‌లో పనిచేస్తుందా అని అమ్మినవాళ్లను అడగాలి. పాత లేజర్ ప్రింటర్‌కూ అంతే. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, కాబట్టి 32 బిట్ సిస్టంలో నడుస్తున్న డాస్ కాలంనాటి బిల్లింగ్ ప్రోగ్రాం అందులో తెరుచుకోదు. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో మాత్రం ఈ మార్పు పెట్టుకోవద్దు.

డబ్బు పెట్టాలనుకుంటే మొదట ఎస్ఎస్‌డీకి పెట్టండి. పాత డెస్క్‌టాప్ నత్తలా నడవడానికి ఎక్కువసార్లు కారణం పాత హార్డ్ డిస్కే. 256 జీబీ ఎస్ఎస్‌డీ వేసి ర్యామ్ 8 జీబీ చేస్తే అదే సిస్టం కొత్తదానిలా లేస్తుంది.

ఏ దారి పట్టినా ముందు బ్యాకప్. "సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం" అని షాపులో అంటే చాలామంది ధీమాగా ఉంటారు. కానీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ మామూలుగా ఉండేది ఆ సీ డ్రైవ్‌లోనే. డీ డ్రైవ్ కూడా చాలాసార్లు అదే డిస్క్‌లో ఇంకో భాగం. కాబట్టి విడిగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో రెండు మూడు ఫొటోలు తెరిచి చూశాకే సిస్టం ఇవ్వండి. విండోస్ 10 మీదే 11 వేస్తే ఫైళ్లు అలాగే ఉంటాయి, నచ్చకపోతే 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి వెనక్కి రావొచ్చు. అందుకే ప్రింటర్, స్కానర్, ఇన్‌పేజ్ అన్నీ మొదటి రోజే ఒకసారి నడిపి చూసుకోండి.