ప్లాటు కొనేముందు... సర్వే నంబరు అడిగారా?

ఆ ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో నా రూములో బట్టలు ఆరేస్తుంటే నాయన ఫోన్ చేశాడు. మామూలుగా ‘తింటివా?’ అని మొదలుపెట్టే మనిషి, ఆరోజు నేరుగా విషయంలోకి వచ్చేశాడు.

‘‘ఒరేయ్, ఆదోని పక్కన మనకీ ఒక జాగా అయిందిరా. మూడు సెంట్లు.’’

‘‘అయిందంటే?’’

‘‘అడ్వాన్సు కట్టొచ్చినా. మూడున్నర లక్షలు.’’

నాకు కాసేపు మాట రాలేదు. మాది కోసిగి. ఆదోని, మంత్రాలయం రోడ్ స్టేషన్ల మధ్య రైలు ఆగే ఊరు. వానలు సరిగా పడని ఏడాది మా దగ్గర సగం వీధులకు తాళాలుంటాయి. జనం ‘సుగ్గి’కి పోతారు. అంటే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరప కోతలకో, తెలంగాణలో పత్తి తీయడానికో వలస పోవడం. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు కూడా మా అమ్మ, నాయన సుగ్గికి పోయారు. మిరప ఘాటుకు మండే చేతుల్ని అమ్మ రాత్రిళ్లు చల్లటి మజ్జిగలో పెట్టుకునేది. ఆ మూడున్నర లక్షల్లో నేను పంపింది కొంచెమే, ఎక్కువ భాగం ఆ చేతులదే.

‘‘సర్వే నంబరు ఎంత నాయనా?’’ అనడిగా.

‘‘అవన్నీ నాకేం తెలుసురా? చెప్పింది మన మామే కదా, బయటోడు కాదు.’’

మా ఊళ్లలో ఇది మామూలే. మనిషిని చూసి కొంటారు, కాయితం చూసి కాదు. మధ్యవర్తి మాకు మామ వరస అవుతాడు. రంగురంగుల బ్రోచర్, నలభై అడుగుల రోడ్లు, డ్రైనేజీ, పార్కు, ‘త్వరలో కరెంటు’. ఒక టెంపో నిండా జనాన్ని తీసుకెళ్లి, భోజనం పెట్టి, ప్లాట్లు చూపించారంట. నాయన తానొక్కడే కట్టి ఊరుకోలేదు, ఇంకో ఇద్దరు చుట్టాలతోనూ కట్టించాడు.

ఐదు నిమిషాల పని

బ్రోచర్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నా. మూలన చిన్న అక్షరాల్లో సర్వే నంబరు కనిపించింది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో ‘ప్రొహిబిటెడ్ ప్రాపర్టీ’ అని ఒక లింకు ఉంటుంది. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కొట్టా. ఫలితం వచ్చింది. ఆ నంబరు 22ఎ జాబితాలో ఉంది.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ సెక్షన్ కింద ప్రభుత్వం నిషేధించిన భూముల జాబితా అది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, పేదలకు సాగు కోసం ఇచ్చిన అసైన్డ్ భూములు ఇందులో ఉంటాయి. మావైపు అసైన్డ్ భూమిని డీకేటీ పట్టా అంటారు. వీటిని చేతులు మార్చకుండా 1977లోనే చట్టం చేశారు. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి గానీ, జాబితాలో నంబరు ఉన్నంతకాలం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ భూమికి రిజిస్ట్రేషన్ జరగదు. అంటే నాయన కొన్నది జాగా కాదు, ఒక తెల్లకాయితం మీద సంతకం.

నేను రోజూ వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు పట్టే పని చేస్తా. మా ఇంట్లోవాళ్లకు ఈ ఐదు నిమిషాల చెకింగ్ నేర్పించాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. ఆ తప్పు నాదే.

డబ్బు ఎలా కట్టామన్నదే అసలు సాక్ష్యం

మూడున్నరలో రెండు లక్షలు ఫోన్‌పేలో పోయాయి, లక్షన్నర నగదు. నగదుకు రసీదు లేదు. స్థిరాస్తి అడ్వాన్సుగా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచే చెబుతోంది. తీసుకున్నవాడికి పెనాల్టీ పడుతుంది. ‘క్యాష్ ఇస్తే తగ్గిస్తాం’ అన్నవాడు మన మేలు కోరి ఆ మాట చెప్పడు.

మొదట రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం, తర్వాత లాయర్ నోటీసు పంపించాం. నెలన్నర తర్వాత ఫోన్‌పేలో వెళ్లిన రెండు లక్షలూ వెనక్కి వచ్చాయి. నగదు సంగతి అడిగితే ‘ఎవరికిచ్చారు? ఎప్పుడిచ్చారు?’ అన్నారు. అప్పుడు పనికొచ్చింది మామ పంపిన ఒక వాయిస్ మెసేజ్. ‘లక్షన్నర ముట్టింది, మిగతాది రిజిస్ట్రేషన్ నాటికి చూసుకుందాం’ అని అందులో స్పష్టంగా ఉంది. మీ చాట్‌లు డిలీట్ చెయ్యకండి. బ్రోచర్ కూడా దాచుకోండి.

బ్రోచర్ ఎందుకంటే దాని వెనక ఒక పెద్ద కేసు ఉంది. హైదరాబాద్‌కు చెందిన నార్నె కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చిన విషయం ఇది: లేఅవుట్ వేసి, అనుమతులు తెచ్చి, రోడ్లు, డ్రైన్లు వేసి ఇస్తామని ప్లాట్లు అమ్మితే అది ఉత్త భూమి అమ్మకం కాదు, అది ‘సేవ’. కాబట్టి కొన్నవాళ్లు వినియోగదారుల కిందికే వస్తారు. అదే ఏ హామీ లేకుండా ఉన్న జాగా ఉన్నట్టు కొంటే ఈ రక్షణ దొరకడం కష్టం. మా చేతిలో బ్రోచర్ ఉంది కాబట్టే కర్నూలులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలిగాం.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతులు మూడున్నాయి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. సమస్య మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే 1915కి ఫోన్ చేస్తే చెబుతారు.

సిటీలో ఇంకో రకం వల

పల్లెల్లోవాళ్లే మోసపోతారు అనుకుంటే పొరపాటు. మా ఆఫీసులో టీ బ్రేక్‌కి వెళ్తే చాలు, ఎవరో ఒకరు ‘ప్రీలాంచ్’ అంటారు. ‘మొత్తం డబ్బు ఇప్పుడే కడితే మార్కెట్ రేటులో సగానికే ఫ్లాటు. పర్మిషన్లు ఆర్నెల్లలో వస్తాయి.’ నాకూ వచ్చిందా ఆఫర్. ఆదోని దెబ్బ తగలకపోయుంటే పర్సనల్ లోన్ పెట్టేవాడినేమో.

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్‌లో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థ ఇలాగే ప్రీలాంచ్ పేరుతో వందల మంది దగ్గర డబ్బు వసూలు చేసి ఫ్లాట్లు ఇవ్వలేదన్న ఫిర్యాదులపై, ఆ సంస్థ ఎండీని పోలీసులు 2022 డిసెంబరులో అరెస్టు చేశారు. కట్టినవాళ్లలో మనలాంటి ఉద్యోగులున్నారు, రిటైరైన పెద్దవాళ్లున్నారు.

అసలు చట్టం ప్రీలాంచ్‌ను ఒప్పుకోదు. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లతో గానీ ప్రాజెక్టు వేస్తే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు రాకముందు అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. ఇది ప్లాట్ల వెంచర్లకూ వర్తిస్తుంది. నంబరు లేకుండా అమ్ముతున్నారని రెరాకే ఫిర్యాదు చేయొచ్చు. మా నాయన కట్టిన వెంచర్‌కీ ఆ నంబరు లేదు.

రెరా ఇచ్చిన హక్కులు

* అమ్మకం ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు.

* మన దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, కట్టడానికే వాడాలి.

* చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. లేదా ఇల్లే కావాలనుకుంటే ఇచ్చేదాకా ప్రతి నెలా వడ్డీ అడగొచ్చు.

* ఇల్లు చేతికొచ్చాక ఐదేళ్లలో కట్టడంలో లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి.

* లెక్క కార్పెట్ ఏరియాలో చెప్పాలి. సేల్స్‌వాళ్లు చెప్పే ఎస్‌ఎఫ్‌టీలో లిఫ్టు, మెట్లు, కారిడార్ వాటా కూడా కలిపేస్తారు. ‘కార్పెట్ ఎంత?’ అని సూటిగా అడగండి.

బిల్డర్ ఇచ్చే ఒప్పందంలో ‘మీరు ఆలస్యం చేస్తే ఎక్కువ వడ్డీ, మేం ఆలస్యం చేస్తే ఏదో కొంచెం’ లాంటి రూల్స్ ఉంటాయి. సంతకం పెట్టేశాం, ఇక అయిపోయింది అనుకోవద్దు. అలాంటి ఏకపక్ష షరతులు అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2019లో పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెరా ఉంది కదా అని వినియోగదారుల కమిషన్ తలుపులు మూసుకుపోలేదని 2020లో ఇంపీరియా కేసులో చెప్పింది. మనకు ఏది వీలైతే అది ఎంచుకోవచ్చు.

నేనిప్పుడు పాటించే వరస

ఇల్లయినా, జాగా అయినా నేను ఇప్పుడు ముందు సర్వే నంబరు అడుగుతా. నంబరు చెప్పడానికి నసిగితే అక్కడితో ఆపేస్తా. తర్వాత 22ఎ జాబితా, ఆ తర్వాత ఈసీ. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ తీస్తే ఆ ఆస్తి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, తాకట్టు ఉందో లేదో తెలుస్తుంది. పల్లెల్లో భూమైతే మీభూమిలో అడంగల్, 1బీ చూసి, పేరు సరిపోయిందో లేదో పోల్చాలి. లేఅవుట్‌కు అనుమతి కాపీ, రెరా నంబరు చేతిలో పెట్టుకుని, ఆ నంబరును రెరా వెబ్‌సైట్‌లో స్వయంగా వెతకాలి. ఫ్లెక్సీ మీద ఉన్నంతమాత్రాన నమ్మొద్దు.

‘జీపీఏ చేసిస్తాం, అదే రిజిస్ట్రేషన్ లాంటిదే’ అంటే ఒప్పుకోవద్దు. జీపీఏతో యాజమాన్యం రాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చివరగా, లాయర్‌తో లీగల్ ఒపీనియన్ తీసుకోవాలి. లక్షల వ్యవహారంలో కొన్ని వేల ఫీజు దగ్గర పిసినారితనం వద్దు. ఆ లాయర్ అమ్మేవాళ్లు చూపించిన మనిషి కాకుండా చూసుకోండి.

మా కేసు ఇంకా నడుస్తోంది. లక్షన్నర వస్తుందో రాదో గానీ, నాయనను బాధపెట్టింది అది కాదు. తన మాట మీద కట్టిన ఇద్దరు చుట్టాల ముందు తలెత్తుకోలేక చాన్నాళ్లు స్టేషన్ దగ్గర టీ అంగడికి పోవడం మానేశాడు. పోయిన పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇద్దరినీ మా ఇంటికే పిలిచా. అందరం కూర్చుని వాళ్ల కాయితాలు కూడా తయారుచేశాం. ఇప్పుడు కమిషన్ ముందు మూడు ఫిర్యాదులున్నాయి.

మొన్న నాయన మళ్లీ ఫోన్ చేశాడు. ఎమ్మిగనూరు రోడ్డులో ఎవరో ప్లాట్లు వేస్తాండారంట. మా పక్కింటాయన కొంటానన్నాడంట.

‘‘కొనుక్కో గానీ, ముందు సర్వే నంబరు తెచ్చియ్యప్పా, మావాడు ఫోన్లో చూస్తాడు అని చెప్పినా. రాసుకో’’ అన్నాడు.

రాసుకున్నా. ఈ ఆదివారం మీరు కూడా ఇంటికి ఒక ఫోన్ చేసి అడగండి: ఎక్కడైనా, ఏదైనా అడ్వాన్సు కట్టారా అని.